ఓల్మి సినిమా మీద సమీక్ష పంపిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ సమీక్ష రెండుసార్లు చదివాను. ఇటాలియన్ దర్శకుడు ఎర్మాన్నో ఓల్మి తీసిన 'ది ట్రీ ఆఫ్ వుడెన్ క్లాగ్స్' (చెక్క చెప్పుల చెట్టు) మీద తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు చాలా సంతోషం. మూడు గంటలు దాటే సినిమా అది. పేరున్న నటుడు ఒక్కడూ లేడు, ఇటలీలో బెర్గామో చుట్టుపక్కల పల్లెల రైతులే నటించారు, వాళ్ల యాసలోనే మాట్లాడతారు, కథ అని చెప్పుకోడానికి చివరి అరగంట దాకా పెద్దగా ఏమీ జరిగినట్టు ఉండదు. అలాంటి సినిమాని ఓపిగ్గా కూర్చుని చూసి, చూసినదాన్ని నలుగురికీ చెప్పాలని రాశావంటే నీలో సరుకుంది. అందుకే మొహమాటం లేకుండా మాట్లాడతాను.

ముందు బాగున్నది చెప్తాను. టమాటాల పేరా. తాత అన్సెల్మో కోళ్ల పెంట తెచ్చి మడిలో వేసుకోవడం, ఆ రహస్యం చిన్న మనవరాలు బెత్తీనాకి మాత్రమే చెప్పడం, ఊరందరికంటే ముందు పండిన కాయల్ని ఇద్దరూ పట్నానికి తీసుకెళ్లి అమ్మడం. నువ్వు దాన్ని చూసింది చూసినట్టు రాశావు, ఎక్కడా 'అద్భుతం', 'హృద్యం' లాంటి మాట పెట్టలేదు. ఆ పేరా చదువుతుంటే ముసలాయన మొహం నాకు కనిపించింది. దాన్ని ముట్టుకోకు.

ఇబ్బంది చివరి పేరాతో. 'మతం మనిషికి తలవంచుకుని బతకడం నేర్పుతుంది, ఈ సినిమా కూడా అదే నేర్పుతుంది' అని తేల్చేశావు. ఇది తప్పని నేననడం లేదు. కానీ ఆ మాటకి ముందు రాసిన పేరాల్లో ఎక్కడా దానికి ఆధారం లేదు. సినిమా చూడకముందే నీ దగ్గర ఉన్న అభిప్రాయాన్ని తెచ్చి చివర్లో అతికించినట్టుంది. నీకు తెలుసో లేదో, ఈ సినిమా వచ్చిన కొత్తలో ఇటలీలో వామపక్షం వైపు విమర్శకులు చాలామంది దాదాపు ఇదే అన్నారు. కాకపోతే వాళ్లకి అలా అనడానికి కారణాలున్నాయి. అవి నువ్వు తెలుసుకోవాలి.

1978 సంగతి. ఆ మార్చిలో రెడ్ బ్రిగేడ్స్ అనే సాయుధ అతివాద వామపక్ష ముఠా వాళ్లు ఇటలీ మాజీ ప్రధాని ఆల్దో మోరోని కిడ్నాప్ చేశారు, మే 9న రోమ్‌లో ఒక కారులో ఆయన శవం దొరికింది. మోరో క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీ పెద్ద, కమ్యూనిస్టులతో సర్దుబాటు కుదర్చాలని ప్రయత్నించిన మనిషి. దేశమంతా ఆ దిగ్భ్రమలో ఉండగా అదే నెలలో కేన్స్ చిత్రోత్సవంలో ఓల్మి సినిమాకి అక్కడి అత్యున్నత అవార్డు పామ్ డోర్ వచ్చింది. అంటే క్యాథలిక్కు ఎవరు, కమ్యూనిస్టు ఎవరు అనేది అక్కడ ప్రాణం మీదికి వచ్చిన ప్రశ్నగా ఉన్న రోజుల్లో, దేవుణ్ని నమ్మే దర్శకుడొకడు, జపమాల తిప్పుకునే పేద రైతుల మీద మూడు గంటల సినిమా తీసుకొచ్చాడు. దానికి రెండేళ్ల ముందే, 1976లో, ఇంకో ఇటాలియన్ దర్శకుడు బెర్తొలూచీ తీసిన 'నొవెచెంతో' వచ్చింది. అదీ ఉత్తర ఇటలీ రైతుల కథే, అందులో ఎర్రజెండాలున్నాయి, 1945లో ఫాసిస్టుల నుంచి విముక్తి వచ్చిన రోజున రైతులు భూస్వామిని నిలబెట్టి విచారించే దృశ్యం ఉంది. ఆ రెండు సినిమాలనీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండటం అప్పటి విమర్శకుడికి సాధ్యం కాదు. ఒకచోట రైతు లేస్తాడు, ఒకచోట బండి కట్టుకుని చీకట్లో వెళ్లిపోతాడు.

వాళ్ల వాదనలో బలం ఉంది. ఓల్మి చూపించే కాలం 1897-98. నిజానికి పో నది మైదానంలో కూలీలు అప్పటికే ఊరుకుని లేరు. బెర్గామోకి మరీ దూరం కాని మాంతువా ప్రాంతంలో 1884-85లోనే పెద్ద ఎత్తున సమ్మెలు చేశారు, అరెస్టులయ్యాయి, కేసులు నడిచాయి. 1898 మేలో మిలాన్‌లో రొట్టె ధరల మీద జనం వీధుల్లోకి వస్తే జనరల్ బావా బెక్కారిస్ సైన్యంతో ఫిరంగులు పేల్చి పదుల మందిని చంపించాడు. ఇదంతా ఓల్మికి తెలుసు. తెలిసి, కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురూ స్తేఫానో, మద్దలేనా పడవ మీద మిలాన్ వెళ్లినప్పుడు దూరంగా పొగ, వీధిలో సైనికులు, పట్టుబడిన మనుషుల వరస మాత్రం చూపించి, వాళ్లతోపాటు మనల్నీ కాన్వెంటు లోపలికి తీసుకెళ్లిపోతాడు. చరిత్రని కిటికీ బయటే ఉంచేశాడు అని ఒక విమర్శకుడు కోప్పడితే ఆ కోపం న్యాయమైనదే. నువ్వు ఆ వైపు నిలబడాలనుకుంటే నిలబడు, కానీ ఈ పడవ దృశ్యం మీద నిలబడు. 'మతం మత్తుమందు' అనే మాట మీద కాదు.

ఇక రెండో వైపు. ఈ సినిమాని మెచ్చుకున్నవాళ్లు రాసింది కూడా చదివి చూడు, అందులో చాలా భాగం నాకు ఇంకా ఎక్కువ చిరాకు తెప్పిస్తుంది. ఇది సినిమా కాదు ప్రార్థన అంటారు, నేల పాడిన పాట అంటారు, కల్మషం లేని పాత రోజులు అంటారు. సినిమా మొదట్లోనే తెర మీద రాసి చూపిస్తాడు ఓల్మి: ఇల్లు, కొట్టాలు, పొలం, చెట్లు, పశువుల్లో కొన్ని, పనిముట్లలో కొన్ని భూస్వామివి, పండిన పంటలో మూడింట రెండొంతులు ఆయనకి ఇవ్వాలి. మూడింట రెండొంతులు తమ్ముడూ. కౌలుకి చేసిన కుటుంబంలోంచి వచ్చిన తెలుగు పాఠకుడు ఎవరైనా ఆ ఒక్క ముక్క చదివితే చాలు, ఇక ఏ పాతకాలపు అందమూ వాణ్ని మోసం చెయ్యలేదు. నీ సమీక్షలో ఆ లెక్క లేదు. అది రెండో పేరాలోనే రావాలి. అందులో 'చెట్లు' అన్న మాట ఎందుకుందో సినిమా అయ్యాక గాని అర్థం కాదు, అది కూడా చెప్పు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ సినిమాలో ఒక ఆవు ఉంది, ఒక చెట్టు ఉంది. నీ సమీక్షలో చెట్టు ఉంది, ఆవు లేదు. సినిమాని భక్తితో మెచ్చుకునేవాళ్ల రాతల్లో ఆవు ఉంటుంది, చెట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే ఇది చెప్పడానికి.

ఆవు సంగతి గుర్తుచేసుకో. రుంక్ కుటుంబం, భర్త చనిపోయిన ఆడమనిషి, ఆరుగురు పిల్లలు. ఆమె బట్టలు ఉతికి ఇల్లు నడుపుతుంది. ఉన్న ఒక్క ఆవుకీ జబ్బు చేస్తుంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇది బతకదు, కోయించెయ్, ఎంతోకొంత మిగులుతుంది అని చెప్పి వెళ్లిపోతాడు. ఆమె ఒక సీసా తీసుకుని వాగు దగ్గరికి నడుస్తుంది, దారంతా ప్రార్థన చేస్తూనే ఉంటుంది, ఆ నీళ్లు తెచ్చి ఆవు గొంతులో పోస్తుంది. తర్వాత ఆవు లేచి నిలబడుతుంది. అంతే. డాక్టరు తప్పు చెప్పాడా, జబ్బు దానంతటది తగ్గిందా, దేవుడు విన్నాడా, సినిమా చెప్పదు. ఓల్మి నమ్మేవాడే, ఆయన మనసులో జవాబు ఉండే ఉంటుంది. అయినా మన నెత్తిన పెట్టడు. దేవుడు లేడనుకునే ప్రేక్షకుడికి కూడా ఆ దృశ్యంలో నిలబడటానికి చోటుంది, ఎందుకంటే అక్కడ కనిపించేది అద్భుతం కంటే ముందు ఒక తల్లి, ఆ ఆవు పోతే పిల్లలకి పాలూ ఉండవు, డబ్బూ ఉండదు అని తెలిసిన తల్లి.

నువ్వు దీన్ని వదిలేశావు. ఎందుకు వదిలేశావో నాకు అర్థమవుతుంది. నీ చివరి పేరాకి అది అడ్డొస్తుంది. అడ్డొచ్చేదాన్నే ముందు రాయాలి.

చెట్టు సంగతి చూడు. ఫాదర్ దోన్ కార్లో వచ్చి, మీ మీనెక్ తెలివైనవాడు, బడికి పంపండి అని బతిస్తీతో చెప్తాడు. రైతు కొడుకు బడికేంటని అతనికి సందేహం, ఇంట్లో ఇంకో బిడ్డ పుట్టబోతోంది, చేతులు కావాలి. అయినా ఫాదర్ మాట కాదనలేక పంపుతాడు. పిల్లవాడు రోజూ మైళ్లకి మైళ్లు నడుస్తాడు. ఒకరోజు దారిలో చెక్క చెప్పు విరిగిపోతుంది. కొత్తది కొనే స్తోమత లేదు. తండ్రి రాత్రిపూట వెళ్లి కాలవ గట్టున ఒక చెట్టు కొట్టుకొచ్చి, దాంతో కొడుక్కి చెప్పు చెక్కుతాడు. చెట్టు భూస్వామిది. మొదలు కనబడుతుంది, ఎవరు కొట్టారో తెలుస్తుంది, కుటుంబాన్ని వెళ్లగొడతారు.

వరసగా చదువు. ఫాదర్ మంచి మాట చెప్పాడు, వాళ్లు విన్నారు, దాని చివర ఇల్లు పోయింది. ఒకవైపు ప్రార్థన తర్వాత ఆవు లేచింది, ఇంకోవైపు చర్చి చెప్పిన మాట విన్న కుటుంబం వీధిన పడింది. ఈ రెండూ ఒకే సినిమాలో, ఒకే వాకిలి చుట్టూ ఉన్న ఇళ్లలో జరుగుతాయి. నమ్మితే మంచి జరుగుతుందని చెప్పే సినిమా అయితే రెండోది ఉండదు. నమ్మినవాడు మోసపోతాడని చెప్పే సినిమా అయితే మొదటిది ఉండదు. నాకు తెలిసినంతలో విశ్వాసం మీద వచ్చిన సినిమాల్లో ఇంత నిజాయితీ చాలా అరుదు. ఆయన తన నమ్మకానికి లాభనష్టాల లెక్క కట్టలేదు. ఈ మాట నా మాటగా వాడకు, నువ్వే ఇంకోసారి సినిమా చూసి నీకు అలా అనిపిస్తేనే రాయి. అనిపించకపోతే ఎందుకు అనిపించలేదో రాయి, అది ఇంకా మంచి సమీక్ష అవుతుంది.

చివరి దృశ్యం గురించి నువ్వు 'ఇరుగుపొరుగు నిస్సహాయంగా చూస్తుండిపోయారు' అని రాశావు. కాదు. మళ్లీ చూడు. బతిస్తీ కుటుంబం బండికి సామాను ఎక్కిస్తున్నంతసేపూ వాళ్లు బయటికి రారు. ఇళ్లలోపలే ఉంటారు. బండి కదిలి వెళ్లిపోయాకే వాకిట్లోకి వచ్చి నిలబడతారు. ఇన్నాళ్లూ చలికాలం రాత్రులు పశువుల కొట్టంలో ఒకచోట చేరి బతిస్తీ చెప్పే కథలు విన్నది వీళ్లే. భయమా, సిగ్గా, ఇంకేదైనానా? దీని మీద నువ్వు ఒక పేరా రాయగలవు. తలవంచుకోవడం గురించే నీకు రాయాలని ఉంటే సినిమాలో దానికి సరైన చోటు ఇదే. దర్శకుడు దీన్ని సమర్థిస్తున్నాడా, చూడమంటున్నాడా అన్నది పెద్ద ప్రశ్న, వామపక్ష విమర్శకులకీ ఓల్మికీ మధ్య ఉన్న తగాదా అంతా నిజానికి ఇక్కడే ఉంది. నా మటుకు నాకు ఆ ఖాళీ వాకిలి చూస్తే ఒళ్లు మండుతుంది. మండేలా తీశాడనే అనుకుంటాను.

ఇంకో ముక్క, అదే వాకిట్లో ఉండే ఇంకో రైతు ఫినార్ద్ గురించి. సంతలో సోషలిస్టు వక్త ఒకడు మాట్లాడుతుంటాడు, జనం వింటుంటారు, ఫినార్ద్ కళ్లు మాత్రం కింద నేల మీద పడి ఉన్న బంగారు నాణెం మీద ఉంటాయి. దాన్ని దొరకబుచ్చుకుని ఇంటికి తెచ్చి గుర్రం గిట్టలో దాస్తాడు. రాజకీయాన్ని ఎగతాళి చేశాడని ఈ దృశ్యం మీద కోప్పడవచ్చు, కోపం అర్థమవుతుంది కూడా. కానీ దృశ్యం అక్కడితో ఆగదు. కొన్నాళ్లకి గిట్టలో నాణెం ఉండదు, పిచ్చికోపంతో గుర్రాన్ని కొడతాడు, గుర్రం తిరగబడి తరుముతుంది, మనిషి మంచాన పడతాడు. ప్రసంగం వినని మనిషిని సినిమా మెచ్చుకోలేదు. సమీక్షలో దృశ్యాన్ని సగం చెప్పి వదిలెయ్యకు, సగం చెప్పిన దృశ్యంతో ఏ వాదనైనా గెలవచ్చు.

కుటుంబం గురించి నువ్వు అసలు రాయలేదు, అదే నాకు అన్నిటికంటే వెలితిగా అనిపించింది. దోన్ కార్లో రుంక్ ఇంటికి వచ్చి, ఇద్దరు చిన్న ఆడపిల్లల్ని సిస్టర్లు అనాథాశ్రమంలో పెట్టుకుంటామంటున్నారు, నీకు భారం తగ్గుతుంది అని చెప్పిన చోటు గుర్తుందా? ఆయన చెడ్డవాడు కాదు, నిజంగా సాయం చెయ్యాలనే వచ్చాడు. తల్లి ఆ సంగతి పెద్దకొడుకు పెప్పీనోతో అంటే, వాడింకా చిన్నవాడే, మిల్లులో కొత్తగా పనికి కుదిరాడు, అవసరమైతే రాత్రీ పగలూ పనిచేస్తాను గాని చెల్లెళ్లని పంపొద్దు అంటాడు. ఇక్కడ చర్చి ఒక మాట అంది, ఇల్లు ఇంకో మాట అంది, ఇల్లే నెగ్గింది. ఎవరూ గొంతు పెంచలేదు. అదే సినిమాలో మిలాన్ వెళ్లిన కొత్త జంటకి మద్దలేనా బంధువైన సిస్టర్ ఒకావిడ ఒక అనాథ బిడ్డని ఒళ్లో పెడుతుంది, పెళ్లయిన మర్నాడే వాళ్లు తల్లిదండ్రులైపోతారు, బిడ్డతోపాటు ఆశ్రమం ఇచ్చే కొంత డబ్బు కూడా వస్తుంది. అది దయా, బేరమా? రెండూ. ఓల్మి ఈ కథలు చాలావరకు తన ఇంటి పెద్దవాళ్ల దగ్గర విన్నవి. అందుకేనేమో, పేదింట్లో ప్రేమకీ పైసలకీ మధ్య గోడ ఉండదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుసు.

నువ్వు ఒక్క ఓల్మితోనే ఆగిపోతే ఆయన పద్ధతే విశ్వాసం గురించి సినిమా తీసే పద్ధతి అనుకుంటావు. కాబట్టి దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడే ఇంకో ఇటాలియన్ సినిమా చూడు: మార్కో బెల్లోక్కియో తీసిన 'లోరా ది రెలిజియోనే', 2002. రోమ్‌లో ఎర్నెస్తో అనే బొమ్మలు వేసే మనిషి, దేవుణ్ని నమ్మడు. ఒకరోజు చర్చి మనిషి ఒకాయన వచ్చి, మీ అమ్మని పునీతురాలిగా ప్రకటించే ప్రయత్నం జరుగుతోంది అని చెప్తాడు. ఇంట్లో అందరికీ తెలుసు, ఇతనికొక్కడికే చెప్పలేదు. ఆ తల్లిని చంపింది ఆమె సొంత కొడుకే, మతి స్థిమితం లేని ఎజీదియో. ఆమె నిద్రలో చనిపోలేదు, మెలకువగా ఉండి కొడుకు చేత దైవదూషణ మాన్పించబోయి ప్రాణం వదిలింది అని సాక్ష్యం చెప్పిస్తే గాని ఆమె పునీతురాలు కాదు. కుటుంబానికి ఆ సాక్ష్యం కావాలి, ఎందుకంటే ఇంట్లో ఒక పునీతురాలు ఉంటే పోయిన పరపతి తిరిగి వస్తుంది. ఎర్నెస్తో పిన్ని ఈ సంగతి ఏ సిగ్గూ లేకుండా, ఎంతో ఇంగితంతో మాట్లాడినట్టు చెప్తుంది, ఆ పాత్ర వేసిన పియెరా దెల్యి ఎస్పోస్తిని చూడటానికైనా ఈ సినిమా చూడాలి. ఓల్మి దగ్గర కుటుంబం విశ్వాసంతో రోజు గడుపుకుంటుంది. ఇక్కడ కుటుంబం విశ్వాసంతో వ్యాపారం చేస్తుంది.

ఈ సినిమాకి వచ్చిన స్పందన నీకు ఎక్కువ పనికొస్తుంది. ఎజీదియో ఉన్న ఆశ్రమంలో ఒక దృశ్యం ఉంది, అతను దేవుణ్ని బూతు మాటతో తిడతాడు, మళ్లీ మళ్లీ అరుస్తాడు, ఎర్నెస్తో వెళ్లి తన తోడబుట్టినవాణ్ని గట్టిగా పట్టుకుంటాడు. ఆ మాట మీద ఇటలీలో క్యాథలిక్కుల వైపు నుంచి పెద్ద గొడవ వచ్చింది. అదే ఏడాది కేన్స్ పోటీలో ఈ సినిమా ఉంది, అక్కడ క్రైస్తవ సంస్థలే ఏర్పాటు చేసే ఎక్యుమెనికల్ జ్యూరీ దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించి గౌరవించింది. నమ్మేవాళ్లలోనే ఒకరికి దైవదూషణగా వినిపించినది ఇంకొకరికి ఇంకోలా వినిపించింది. ఆ మాటొక్కటే వింటే దూషణ. ఆ మాట అంటున్న మనిషిని ఎవరో పట్టుకున్నారన్నది కూడా చూస్తే అక్కడ ఇద్దరు అన్నదమ్ములున్నారు. ఆ జ్యూరీ మనసులో ఏముందో నేను చెప్పలేను గాని నాకు మాత్రం ఆ సినిమాలో అంతకన్నా ప్రేమ ఉన్న చోటు కనిపించలేదు.

ఇలాంటివి అంతకుముందూ జరిగాయి. దేవుణ్ని నమ్మని ఇటాలియన్ దర్శకుడు పసోలినీ 1964లో మత్తయి సువార్తని సినిమాగా తీసి పోప్ 23వ జాన్ జ్ఞాపకానికి అంకితమిచ్చాడు, ఇప్పటికీ క్రీస్తు మీద వచ్చిన మంచి సినిమాల్లో దాన్ని చర్చి వాళ్లే ముందు వరసలో పెడతారు. అదే పసోలినీ 1968లో 'తెయొరెమా' తీశాడు, ఒక డబ్బున్న మిలాన్ కుటుంబంలోకి ఎవరో తెలియని అతిథి వచ్చి వెళ్లాక ఒక్కొక్కరూ ఏమయ్యారన్న కథ. వెనిస్ చిత్రోత్సవంలో క్యాథలిక్ సినిమా సంస్థ జ్యూరీ దానికి అవార్డు ఇచ్చింది, వాటికన్ వైపు నుంచి ఆగ్రహం వచ్చింది, అశ్లీలమని కేసు పెట్టారు, కోర్టు చివరికి నిర్దోషి అంది. కాబట్టి 'చర్చి ఇలా అంది', 'వామపక్షం ఇలా అంది' అని గంపగుత్తగా రాసే ముందు ఆగు. చర్చిలో ఎవరు, ఏ సంవత్సరం, ఏ దృశ్యం మీద? ఆ మూడూ తెలిస్తే రాయి, తెలియకపోతే ఆ వాక్యం లేకపోయినా సమీక్షకి నష్టం లేదు.

నీ రాతలో 'విమర్శకులు అభిప్రాయపడ్డారు' అని మూడుచోట్ల ఉంది. ఏ విమర్శకులు? నువ్వు స్వయంగా చదివితే పేరు చెప్పి, ఆయన వాదనని ఆయన కూడా ఒప్పుకునేంత బాగా రెండు వాక్యాల్లో చెప్పి, ఆ తర్వాత నీ మాట చెప్పు. చదవకపోతే తీసెయ్. ఇంకా మంచిది, రెండో డ్రాఫ్ట్ అయ్యేదాకా ఎవరిదీ చదవకు. మొదట చదివేస్తే వాళ్ల కళ్లతో చూస్తావు, అసలే చదవకపోతే వాళ్లు నలభై ఏళ్ల కిందట వదిలేసిన మాటని కొత్తగా కనిపెట్టినట్టు రాస్తావు. డ్రాఫ్ట్ అయ్యాక చదువు, అందులోనూ నీకు నచ్చని వైపు వాళ్లనే ముందు చదువు.

అవార్డుల జాబితాతో మొదలుపెట్టావు, అది వద్దు. పామ్ డోర్ సంగతి చెప్పాల్సిందే, కానీ అది మోరో చనిపోయిన నెల అన్న విషయంతో కలిపి చెప్తే పాఠకుడికి ఏదో తెలుస్తుంది, ఒంటరిగా చెప్తే బిరుదులాగా ఉంటుంది. సినిమాలో వాడిన బాఖ్ సంగీతం గురించి నువ్వు రాసిన వాక్యం బాగుంది, ఉంచు. పందిని కోసే దృశ్యం నిజంగా కోసిందే, చూడటానికి కష్టంగా ఉంటుంది, ఆ సంగతి ముందే చెప్పడం మర్యాద.

ఇంకొకటి, ఇది కాస్త జాగ్రత్తగా విను. నువ్వు నమ్మకం ఉన్న మనుషుల గురించి రాసేటప్పుడు 'అమాయకులు' అనే మాట నాలుగుసార్లు వాడావు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండ ఎక్కే ఒక పెద్దావిడ నీ సమీక్ష చదువుతోందనుకో. ఆవిడ తన ఆవుకి జబ్బు చేస్తే డాక్టర్ని పిలవదని కాదు. రుంక్ కూడా పిలిచింది, ముందు డాక్టరే వచ్చాడు, ఆయన చేతులెత్తేశాకే ఆమె వాగు దగ్గరికి వెళ్లింది. ఆ వరస నువ్వు గమనిస్తే 'అమాయకురాలు' అని రాయలేవు. ఆవిడ నీతో ఒప్పుకోనక్కర్లేదు, నువ్వూ ఆవిడతో ఒప్పుకోనక్కర్లేదు. కానీ నువ్వు రాసిన రుంక్‌లో ఆవిడ తనని తాను గుర్తుపట్టాలి. అలాగే చెట్టు సంగతి రాసేటప్పుడు, జీవితమంతా కౌలుదారుల కోసం తిరిగిన ఒక పాత కార్యకర్త చదువుతున్నాడనుకో, ఆ మూడింట రెండొంతుల లెక్కని నువ్వు తేలిగ్గా తీసుకోలేదని ఆయనకి తెలియాలి. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయడం కష్టమే. మధ్యేమార్గం రాయమని నేననడం లేదు, నీ తీర్పు నువ్వు చెప్పు, గట్టిగా చెప్పు. ఇద్దరిలో ఒకరికి కోపం వస్తే రానీ, చూడకుండా రాశాడని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనకూడదు.

సమీక్ష బయటికి వచ్చాక ఎవరో ఒకరు నీ మతం ఏంటని అడుగుతారు, నీ కులం కూడా అడుగుతారు, మన దగ్గర ఇది మామూలే. టెన్షన్ పడకు. జవాబు చెప్పాలనిపిస్తే ఆవు దృశ్యం గురించో వాకిలి గురించో ఒక ప్రశ్న తిరిగి అడుగు. సినిమా చూసినవాడైతే మాట్లాడతాడు, అప్పుడు నీకు ఒక మంచి పాఠకుడు దొరికినట్టే.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. చివరి పేరా మొత్తం తీసి పక్కన పెట్టు, పారెయ్యకు. సినిమా ఇంకోసారి చూడు, ఈసారి బతిస్తీ బండి ఎక్కే దృశ్యంలో తలుపులు ఎప్పుడు తెరుచుకున్నాయో గమనించు. ఆవు దృశ్యం రాయి, ఏ వ్యాఖ్యా లేకుండా, టమాటాలు రాసినట్టే. దాని వెంటనే, మధ్యలో 'కానీ', 'అయితే' ఏవీ పెట్టకుండా, ఫాదర్ మాటతో మొదలుపెట్టి చెట్టు దాకా రాయి. పెప్పీనోకి ఒక పేరా ఇవ్వు. తర్వాత పక్కన పెట్టిన ఆ పేరా తీసి చదువుకో, ఇంకా అదే అనాలనిపిస్తే పెట్టెయ్, నేను అడ్డు చెప్పను. వచ్చే ఆదివారం లోపు పంపితే ఆ రాత్రే చదివి ఫోన్ చేస్తాను. బెల్లోక్కియో సినిమా మాత్రం ఇది పూర్తయ్యాకే చూడు, రెండూ కలిపి చూస్తే వాదన ఎక్కువై చూపు తగ్గుతుంది.

ప్రేమతో,
అన్న